వీడియో గేములు మనసుకూ స్నేహాలకూ మేలు చేసేలా ఆడటం ఎలా?

వీడియో గేముల మీద ఇళ్లలో జరిగే గొడవలన్నీ చివరికి గంటల లెక్క దగ్గరే ఆగుతాయి. ఎంతసేపు ఆడావు, ఇంకెంతసేపు ఆడతావు, నిన్నటికంటే ఎక్కువా తక్కువా. ఆ లెక్క అసలు విషయాన్ని పక్కకు నెట్టేస్తుందని నా అభిప్రాయం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు 39,000 మంది ఆటగాళ్లను పరిశీలించి 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎంతసేపు ఆడారని వాళ్లనే అడిగి ఊరుకోలేదు. గేమ్ తయారీ సంస్థల దగ్గర నమోదైన అసలు సమయాన్నే తీసుకున్నారు. ఆడే సమయం పెరిగినా తగ్గినా మానసిక క్షేమంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. తేడా వచ్చిందల్లా ఎందుకు ఆడుతున్నారన్న దగ్గరే. ఆడాలనిపించి ఆడేవాళ్లు హాయిగా ఉన్నారు. ఆడకుండా ఉండలేక ఆడేవాళ్లు అంత హాయిగా లేరు.

కాబట్టి గడియారాన్ని కాసేపు పక్కన పెట్టి, ఏ ఆట, ఎందుకు, ఎవరితో అన్నవి ముందు సరిచూసుకుందాం. మీరు ఏళ్లుగా ఆడుతున్నవారైనా, కంట్రోలర్ ఎన్నడూ పట్టనివారైనా మెట్లు ఇవే. మొదటిదీ మూడోదీ మాత్రం దాటవేయకండి.

మొదటి మెట్టు: మీకు ఏది లోటుగా ఉందో తేల్చుకోండి

ఒక కాగితం తీసుకుని "నాకు ఈ మధ్య ఫలానాది తక్కువైంది" అని ఒక్క వాక్యం రాయండి. ఆ ఫలానా ఏమిటన్నదాన్ని బట్టే మీ ఆట ఉండాలి. మనిషికి ప్రధానంగా మూడు మానసిక అవసరాలుంటాయని రిచర్డ్ రయన్, ఎడ్వర్డ్ డెసి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పారు: తన ఇష్టప్రకారం నడుచుకునే స్వేచ్ఛ, తనకు చేతనవుతుందన్న నమ్మకం, నలుగురితో అనుబంధం. రయన్ 2006లో మరి ఇద్దరితో కలిసి ఇదే కొలబద్దను వీడియో గేములకు పెట్టి చూశారు. ఈ అవసరాలు తీర్చే ఆటలనే జనం ఎక్కువ ఇష్టపడుతున్నారనీ, అలాంటివి ఆడాకే మనసు తేలికపడుతోందనీ తేలింది.

పగలంతా ఇంకొకరు చెప్పిన పని చేసేవారికి స్వేచ్ఛ లోటు. నెలల తరబడి ఫలితం కంటికి కనిపించని పనిలో ఉన్నవారికి చేతనైందన్న తృప్తి లోటు. కొత్త చోటికి మారినవారికి, ఇంటి నుంచే పని చేసేవారికి మనుషుల లోటు. ఇది తెలియకుండా చేతికందిన గేమ్ తెరిస్తే ఏమవుతుందంటే, మనిషి తోడు కోసం అల్లాడుతున్నవారు ఒంటరిగా ఆడే పజిల్ ముందు అర్ధరాత్రి దాకా కూర్చుంటారు. ఆట మంచిదే, మనిషీ మంచివాడే. మందు మాత్రం వేరే జబ్బుది.

కాగితం మీద మీరు రాసింది "నిద్ర" అయితే పడుకోండి. ఆట రేపు ఆడవచ్చు.

రెండో మెట్టు: లోటుకు తగిన ఆట ఎంచుకోండి

తల వేడెక్కిపోయి ఉన్నప్పుడు కథలూ శత్రువులూ లేని చిన్న ఆట చాలు. టెట్రిస్ ఇప్పటికీ ఈ పనికి సాటిలేనిది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారు చేసిన ఈ ఆటలో, పై నుంచి పడే ముక్కను తిప్పి సందులో ఇమడ్చడమే మన పని. ఏ ముక్క ఎటు తిరిగితే ఎక్కడ కూర్చుంటుందో ఊహించుకుంటూ ఉండాలి కనుక, మనసులో బొమ్మలు కట్టే శక్తి అంతా దానికే సరిపోతుంది. పొద్దున జరిగిన మాటల యుద్ధం మళ్లీ మళ్లీ కళ్ల ముందు తిరగడానికి చోటు మిగలదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఎమిలీ హోమ్స్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి కలతపెట్టే దృశ్యాలు చూపించి, అరగంట తర్వాత 10 నిమిషాలు టెట్రిస్ ఆడించారు. ఆడనివారితో పోలిస్తే వీరికి తర్వాతి వారంలో ఆ దృశ్యాలు వద్దన్నా గుర్తుకు రావడం తగ్గింది. నిజంగా పెద్ద దెబ్బ తిన్న మనసుకు వైద్యులే కావాలి, అందులో సందేహం లేదు. మామూలు చిరాకుకు మాత్రం పది నిమిషాల టెట్రిస్ బాగానే పనిచేస్తుంది. పది నిమిషాలే అని ముందుగా అనుకోండి. మితిమీరితే కళ్లు మూసుకున్నా ముక్కలు పడుతూనే ఉంటాయి.

చేతనవుతుందన్న నమ్మకం కావాలంటే, మిమ్మల్ని ఓడించే ఆట కావాలి. 2018లో వచ్చిన సెలెస్ట్ చూడండి. ఒక అమ్మాయి కొండ ఎక్కుతుంటుంది, దారి పొడవునా ముళ్లు. మొదటిసారి అంచు చేరకముందే దూకి ముళ్ల మీద పడతారు. మరుసటిసారి అంచు దాటిపోయాక దూకుతారు. ఐదారు సార్లకు ఆ క్షణం బొటనవేలికి తెలిసిపోతుంది, కానీ ఈసారి గాలిలో దూసుకెళ్లాల్సిన దిక్కు తప్పుతుంది. చనిపోయిన ప్రతిసారీ కనురెప్ప పాటులో మళ్లీ అక్కడే మొదలవుతుంది. చీవాట్లు లేవు, మొదటి నుంచి ఎక్కాల్సిన పని లేదు. అందువల్ల "నాకు రాదు" అనుకునే తీరిక దొరకదు, "ఈసారి కాస్త ముందు నొక్కాలి" అనే ఆలోచన మాత్రమే వస్తుంది. తప్పును తన అసమర్థతగా కాకుండా సరిదిద్దుకోవాల్సిన చిన్న పనిగా చూడటం ఇలా చేతి ద్వారా అలవాటవుతుంది. మరీ కష్టమనిపిస్తే ఆటలోనే వేగం తగ్గించుకునే సహాయ ఏర్పాటు ఉంది. సిగ్గుపడకుండా వాడుకోండి. పని మన నేర్పుకు కాస్త మించి ఉన్నప్పుడే మనిషి అందులో లీనమవుతాడని మనస్తత్వ శాస్త్రవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి దశాబ్దాల కిందటే చెప్పారు. చాలా మించితే చిరాకు, తేలికైతే విసుగు. కష్టం స్థాయి మార్చే మీట గేముల్లో ఉన్నది అందుకే.

స్వేచ్ఛ లోటైతే దిమ్మెలు పేర్చి నచ్చింది కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ లాంటివి, లేదా 2016లో ఒకే ఒక్క వ్యక్తి తయారు చేసి విడుదల చేసిన, పల్లెలో వ్యవసాయం చేసుకునే స్టార్‌డ్యూ వ్యాలీ లాంటివి మంచివి. ఈ రోజు ఏం చేయాలో మీరే నిర్ణయించుకుంటారు, చేయకపోయినా అడిగేవారుండరు.

ఇక మెదడు పదును సంగతి. చాలామంది ఈ ఆశతోనే మొదలుపెడతారు కనుక ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. వేగంగా సాగే యాక్షన్ గేములు ఆడేవారిలో చూపుకు సంబంధించిన ఏకాగ్రత మెరుగ్గా ఉంటుందనీ, ఆడని వారికి శిక్షణ ఇచ్చినా అది కొంత పెరుగుతుందనీ షాన్ గ్రీన్, డాఫ్నీ బావెలియర్ 2003లో చూపించారు. 2014లో జర్మనీ పరిశోధకులు కొందరి చేత రెండు నెలలపాటు రోజుకు అరగంట సూపర్ మారియో 64 ఆడించి చూస్తే, దారులు గుర్తుంచుకోవడానికి తోడ్పడే హిపోక్యాంపస్‌తో సహా మెదడులోని కొన్ని భాగాల్లో పెరుగుదల కనిపించింది. అమెరికాలో 33 మంది సర్జన్లపై జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనం ఇంకా ఆసక్తికరం: గతంలో వారానికి మూడు గంటలకు మించి గేములు ఆడినవారు, చిన్న రంధ్రం ద్వారా చేసే శస్త్రచికిత్స శిక్షణలో 37 శాతం తక్కువ తప్పులు చేశారు. చేయి చురుకైనవారే గేముల వైపు వెళ్లి ఉండవచ్చు కదా అంటే, ఉండవచ్చు. ఏ ఆట ఏ నేర్పును అడుగుతుందో ఆ నేర్పు, దాని చుట్టుపక్కలవి పెరుగుతాయి. అంతకుమించి జ్ఞాపకశక్తి, తెలివి అన్నీ ఒక్కసారిగా పెరుగుతాయని చెప్పేవారిని నమ్మకండి. మెదడు ఆటలతో ఇలాంటి పెద్ద మాటలు చెప్పినందుకే లుమోసిటీ సంస్థ 2016లో అమెరికా ప్రభుత్వ విభాగంతో 20 లక్షల డాలర్లకు రాజీ చేసుకోవాల్సి వచ్చింది.

మూడో మెట్టు: మనుషులతో ఆడండి

నన్నడిగితే అసలు లాభం ఇక్కడే ఉంది. ముందు మీకు తెలిసినవారితోనే మొదలుపెట్టండి, వీలైతే ఒకే గదిలో.

మొదటి ఆటగా నేను సూచించేది 2015లో వచ్చిన కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్. ఒకరికి స్క్రీన్ మీద బాంబు కనిపిస్తుంది, దాన్ని నిర్వీర్యం చేసే పుస్తకం మిగతావారి చేతుల్లో ఉంటుంది. వీరు స్క్రీన్ చూడకూడదు, వారు పుస్తకం చూడకూడదు. పుస్తకాన్ని తయారీదారులే ఉచితంగా ఇస్తారు, అచ్చు తీసుకోవచ్చు. గేమ్ ఒక్కరి దగ్గర ఉంటే చాలు. మొదటి బాంబు దగ్గర మాటలు ఇలా ఉంటాయి: "అదిగో, ఆ నల్లగా ఉంది చూడు, పక్కన ఇంకేదో..." ఈలోగా సమయం అయిపోయి పేలిపోతుంది. అందరూ ఒకరినొకరు నిందించుకుని, నవ్వుకుని మళ్లీ కూర్చుంటారు. నాలుగో బాంబు వచ్చేసరికి అదే జట్టు మాట్లాడే తీరు వినండి.

"మూడు తీగలు."

"పై నుంచి రంగులు చెప్పు."

"నీలం, నలుపు, పసుపు."

"ఎరుపు లేదు కదా?"

"లేదు."

"రెండోది కత్తిరించు."

అనవసరమైన మాట ఒక్కటి లేదు. తనకు కనిపించేది ఎదుటివారికి కనిపించదని గుర్తుపెట్టుకుని చెప్పడం, విన్నది సరిగ్గా విన్నామో లేదో సరిచూసుకోవడం, కంగారులోనూ గొంతు పెంచకపోవడం: గంటలో ఇవన్నీ ఎవరూ పాఠం చెప్పకుండానే వచ్చేస్తాయి. ఆఫీసుల్లో రోజంతా శిక్షణ తరగతులు పెట్టి ఇదే నేర్పాలని చూస్తారు, పాపం.

ఎప్పుడూ ఆడనివారిని పిలిచేటప్పుడు ఒక జాగ్రత్త. ఏ మీట దేనికో ఉపన్యాసం ఇవ్వకండి. కంట్రోలర్ చేతికిచ్చి, కదలడం ఒక్కటే చెప్పి, మిగతాది వారినే కనుక్కోనివ్వండి. మారియో కార్ట్ 8 డీలక్స్‌లో బండి దారి తప్పకుండా కాపాడే ఏర్పాటు ఉంది. దాన్ని పెడితే ఎంత కొత్తవారైనా పందెం చివరిదాకా మీతో ఉంటారు. ఎవరినీ ఆటలో అరటిపండుగా మాత్రం చేయకండి. లెక్కలోకి రాని పాత్ర పిల్లలకైనా తెలిసిపోతుంది, మనసు చివుక్కుమంటుంది. అందుకే ఇద్దరికీ సమానంగా పని పడే ఆటలు ఎంచుకోవాలి. 2021లో వచ్చిన ఇట్ టేక్స్ టూ ఒంటరిగా ఆడటానికి వీలే లేని ఆట. ఒక దశలో ఒకరి దగ్గర మేకులుంటాయి, ఇంకొకరి దగ్గర సుత్తి. మొదటివారు గోడకు మేకు విసిరితే, రెండోవారు సుత్తిని దానికి తగిలించి ఊగుతూ అవతలికి దాటాలి. ఒకరు కొన్నా చాలు, రెండోవారు ఉచితంగా చేరవచ్చు. చేతులు పూర్తిగా సహకరించనివారు ఉంటే, పెద్ద మీటలతో, విడిగా తగిలించుకునే స్విచ్చులతో పనిచేసే ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ 2018 నుంచి దొరుకుతోంది.

దూరంగా ఉన్న స్నేహితులతో వారంలో ఒక రోజు, ఒక సమయం ఖాయం చేసుకోండి. "తీరిక దొరికినప్పుడు" అంటే ఎప్పటికీ దొరకదు. ఫోనులో పలకరింపులు అయ్యాక ఏం మాట్లాడాలో తోచక పెట్టేస్తాం. ఆటలో ఆ ఇబ్బంది లేదు: చేతులకు పని ఉంటుంది కనుక మౌనం ఎబ్బెట్టుగా ఉండదు, ఆ మౌనాల మధ్యలోనే అసలు కబుర్లు బయటికొస్తాయి. మనసులోని బరువైన సంగతి ఎదురుగా కూర్చుని చెప్పలేనివారు, ఇద్దరూ ఒకే స్క్రీన్ వైపు చూస్తున్నప్పుడు తేలిగ్గా చెప్పేస్తారు. దీని కోసం గెలవాల్సిన ఆట వద్దు, తీరిగ్గా సాగేది తీసుకోండి.

కొత్తవారి పరిచయం మూడో దశ. ఆన్‌లైన్ ఆటలు ఇల్లూ పనిచోటూ కాని మూడో చోటుగా ఉపయోగపడుతున్నాయని కాన్‌స్టన్స్ స్టైన్‌క్యూలర్, డిమిట్రీ విలియమ్స్ 2006లో రాశారు. అక్కడ వయసు, హోదా పక్కకు పోతాయి. మనకు మామూలుగా ఎదురుపడని మనుషులు పరిచయమవుతారు. అవి ఎక్కువగా తేలికపాటి పరిచయాలే అని కూడా వారే చెప్పారు. ఆ అంచనాతోనే వెళ్లండి. పెద్ద గుంపుల కంటే పాతిక మంది లోపు ఉండే బృందం మేలు, మీరు రాకపోతే అడిగేవారుంటారు. మొదట్లో వినండి. మైకు తెరవడం తప్పనిసరి కాదు, టైపు చేసి మాట్లాడినా సరిపోతుంది. బిడియస్తులకు నా సలహా ఏమిటంటే, తోటివారిని కాపాడే పాత్ర తీసుకోండి. గాయాలు మాన్పేవారి కోసం ప్రతి జట్టూ వెతుకుతూనే ఉంటుంది; మాట కలపడానికి వేరే సాకు అక్కర్లేదు.

నోటి దురుసు మనుషులు తప్పకుండా తగులుతారు. వాదించకండి. మ్యూట్ చేసి, బ్లాక్ చేసి, ఫిర్యాదు మీట నొక్కి ముందుకు సాగండి. అసలు పేరు, చిరునామా, ఫొటోలు ఎవరికీ ఇవ్వవద్దు. అపరిచితులతో ఆడాలని ఉన్నా తిట్లు పడటం ఇష్టం లేకపోతే 2012 నాటి జర్నీ అనే ఆట ఉంది. దారిలో ఎవరో ఒకరు తోడు కలుస్తారు. మాట్లాడటానికి, టైపు చేయడానికి వీల్లేదు, ఒక చిన్న ధ్వని చేయగలం, అంతే. తోడు వచ్చినవారి పేరు ఆట ముగిశాకే తెలుస్తుంది. తిట్టుకునే సాధనమే లేకపోయేసరికి, జనం ఒకరి కోసం ఒకరు ఆగడం మొదలుపెట్టారు.

ఇంట్లో పిల్లలు ఆడుతుంటే పక్కన కూర్చుని "నాకు నేర్పు" అనండి. పెద్దలకు నేర్పే అవకాశం పిల్లలకు అరుదుగా వస్తుంది, దాన్ని వారు ఎంత శ్రద్ధగా తీసుకుంటారో చూస్తే ఆశ్చర్యపోతారు. ఆ ఆటలో ఎవరితో మాట్లాడుతున్నారో, డబ్బు ఎక్కడ అడుగుతోందో కూడా నిఘా పెట్టకుండానే మీకు తెలుస్తుంది. కొనేముందు ఆట ఏ వయసువారికి తగినదో చెబుతూ ఇఎస్ఆర్‌బీ, పెగీ లాంటి సంస్థలు ఇచ్చే గుర్తు చూడటం మరవకండి.

నాలుగో మెట్టు: ఓటమికి ముందే ఒక నియమం పెట్టుకోండి

కోపంతో ఆడే మ్యాచ్ దాదాపు ఎప్పుడూ ఓడిపోయేదే. వరుసగా రెండు ఓడి, ఒళ్లు మండుతూ ఉంటే లేచిపోవాలని ముందే అనుకోండి, మీ జట్టుకూ చెప్పండి. ఓడాక "ఎవరి వల్ల" అన్న ప్రశ్న వేయవద్దు. "ఎక్కడ చేజారింది" అని అడిగితే అదే జట్టు రేపు మళ్లీ కలుస్తుంది.

ఐదో మెట్టు: ఆపే చోటు ముందే చూసుకోండి

ఇప్పుడు గడియారం సంగతికి వద్దాం. "తొమ్మిదింటికి ఆపేస్తాను" అన్న మాట మ్యాచ్ మధ్యలో తొమ్మిదైతే నిలబడదు. గేముకు దాని సొంత విరామాలుంటాయి: లెవల్ చివర, మ్యాచ్ ముగింపు, సేవ్ చేసే చోటు. "ఇంకో రెండు మ్యాచ్‌లు" అని చెప్పండి. పిల్లలకైనా ఇదే పద్ధతి. మధ్యలో తీగ పీకేసి జట్టు ముందు వారిని తలదించుకునేలా చేయకండి. నిద్రకు గంట ముందు పోటీ ఆటలు కట్టిపెట్టండి. గుండె దడదడలాడుతుంటే పక్క మీద దొర్లడమే మిగులుతుంది.

రోజూ రాకపోతే బహుమతి పోతుందని బెదిరించే గేముల పట్ల జాగ్రత్త. అందులో మీరు ఆడాలనుకుని ఆడటం ఉండదు, మొదట చెప్పుకున్న ఆ తేడా ఇక్కడే వస్తుంది. అటువంటి గేముల నోటిఫికేషన్లు మొత్తం ఆపేయండి. లోపల ఏముందో తెలియకుండా డబ్బిచ్చి తెరిచే పెట్టెలు, అంటే లూట్ బాక్సులు, జూదానికి దగ్గరి చుట్టాలు. బెల్జియం 2018లో వీటిలో కొన్నింటిని జూద చట్టానికి విరుద్ధమని తేల్చింది. బ్యాంకు కార్డు వివరాలు గేమ్‌లో దాచి ఉంచకపోతే సగం బెడద తగ్గుతుంది.

ఆరో మెట్టు: ఆడాక ఎలా ఉన్నారో చూసుకోండి

స్క్రీన్ ఆపిన పది నిమిషాల తర్వాత చూసుకోండి. మనసు తేలికగా ఉందా, బరువుగా ఉందా? పక్కనపెట్టిన పని ఏదైనా భయపెడుతూ ఎదురుచూస్తోందా? ఈ రోజు ఎవరితోనైనా నవ్వానా? వారం తర్వాత జవాబులు ఎక్కువగా చేదుగా ఉంటే, ముందు ఆట మార్చి చూడండి, తర్వాత తోడు మార్చి చూడండి. అప్పటికీ అంతే అయితే కొన్నాళ్లు విరామం ఇవ్వండి.

అలవాటుకూ జబ్బుకూ మధ్య గీత కూడా తెలిసి ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వ్యాధుల వర్గీకరణ 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో గేమింగ్ రుగ్మతకు చెప్పిన లక్షణాలు మూడు: ఆట మీద అదుపు పోవడం, మిగతా జీవితమంతా ఆట తర్వాతే అనిపించడం, నష్టం జరుగుతోందని తెలిసినా ఆడుతూ పోవడం. చదువు, ఉద్యోగం, కుటుంబం దెబ్బతినేంత తీవ్రంగా, సాధారణంగా ఏడాది పాటు ఇవి కొనసాగితేనే రుగ్మత అంటారు. సెలవుల్లో నాలుగు రోజులు ఒక గేమ్‌లో మునిగిపోవడం ఈ కోవలోకి రాదు. పై లక్షణాలు మీలో గానీ మీవారిలో గానీ ఉంటే మానసిక వైద్యులను కలవండి. గేమ్ తీసివేసినంత మాత్రాన దాని వెనకున్న దిగులో, భయమో పోదు.

ఇంకో సంగతి, ఎవరూ పెద్దగా చెప్పనిది. ఏ గేమ్ అయినా ఒకనాటికి విసుగొస్తుంది, లేదా తయారీ సంస్థే సర్వర్లు మూసేస్తుంది. ఆ రోజు వచ్చేలోపు, బృందంలో మీకు నిజంగా నచ్చిన ఇద్దరు ముగ్గురితో ఆట బయట మాట్లాడుకునే దారి ఒకటి ఏర్పరచుకోండి. వేరే చాట్ గ్రూపు చాలు. తర్వాత ఏ గేమ్ మొదలుపెట్టాలో అక్కడే తేల్చుకోవచ్చు.